పిలుపు లేని పండగ

నవంబర్ 8, శనివారం. మిషిగన్‌లో నోవై. పొద్దుటి నుంచి మబ్బు. సాయంత్రానికి పొడి మంచు.

ఉన్నవాళ్ళు: పక్కింటి పెద్దాయన, ఇంటి యజమాని. ఫీనిక్స్ నుంచి వచ్చిన ఆయన కూతురు. కాలం చేసిన ఆయన భార్యకు అక్క, వాకర్‌తో. వాళ్ళ చర్చి ఫాదర్, కాసేపు. మా ఆవిడ. నేను.

రానివాడు: ఒకాయన.

ఆ రోజు డైరీ ఇలా మొదలుపెట్టాను. ఏ కార్యానికి వెళ్ళివచ్చినా ముందు ఎవరెవరు ఉన్నారో రాసి, తర్వాత జరిగింది రాయడం కాలేజీ రోజుల నుంచి నా అలవాటు. రానివాళ్ళ గురించి రాయడం మాత్రం అదే మొదటిసారి.

పక్కింటి పెద్దాయన సెర్బియాలో ఉత్తరాన, హంగరీ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊరివాడు. ఇక్కడికి వచ్చి కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో అచ్చులు తయారుచేసే పని చేశాడు. నేను ఇంకో కంపెనీలో కొలతల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇద్దరికీ వెంట్రుక మందంలో తేడా వచ్చినా నిద్రపట్టని ఉద్యోగాలే కాబట్టి మొదటి పరిచయంలోనే మాట కలిసింది. ఆయన నన్ను పేరు పెట్టి పిలవలేదు. 'కొమ్షియా' అనేవాడు. వాళ్ళ భాషలో పక్కింటివాడు అని అర్థం. ఆ మాట వాళ్ళ ఊళ్ళో చుట్టం అనే మాటకంటే బరువైనదని చెప్పాడు. చుట్టం పండక్కి వస్తాడు, ఆవు ఈనేటప్పుడు వచ్చేది పక్కింటివాడే అన్నాడు.

ఆ ఊరిని నేను చూడలేదు. అయినా అందులో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లు ఉందో చెప్పగలను. మిషిగన్‌లో చలికాలం బయట నడవలేక ముసలివాళ్ళం మాల్‌కి వెళతాం. షాపులు తెరవకముందే తలుపులు తీసి ఉంచుతారు. మొదటి చలికాలం ఒక పొద్దున ఆయన ఆ పొడుగాటి నడవ మొదట్లో ఆగి, మా వీధి కూడా అచ్చం ఇంత తిన్నగానే ఉంటుంది అన్నాడు. ఆ రోజు నుంచి మేం నడిచింది మాల్‌లో కాదు, వాళ్ళ వీధిలో. చెప్పుల దుకాణం స్లొవాక్ పాస్టర్ గారి ఇల్లు. ఫోన్లు అమ్మే చోట హంగేరియన్ కమ్మరి కొలిమి. ఆడవాళ్ళ బట్టల షాపు ముందుకు రాగానే గొంతు తగ్గించి, ఇక్కడ ఒక రొమేనియన్ విధవరాలు ఉండేది, ఆమె కుక్క కరుస్తుంది అనేవాడు. నడవ చివర, కుర్చీలు బోర్లించి ఉన్న తినుబండారాల చోట, రోమా వాళ్ళ, అంటే జిప్సీల, ఇళ్ళు. వాళ్ళ మగవాళ్ళు అందరి పెళ్ళిళ్ళకీ ఫిడేలు వాయించేవాళ్ళట. ఎవరింటి పెళ్ళి అయితే వాళ్ళ భాషలో పాట. ఆ ఊళ్ళో ప్రతివాళ్ళ పాటలూ తెలిసినవాళ్ళు వాళ్ళొక్కరే అనేవాడు.

చుట్టూ మొక్కజొన్న, పొద్దుతిరుగుడు. కొండ అన్నది కంటికి ఆనదు. నల్ల బురద. వీధికి అటూ ఇటూ మల్బరీ చెట్లు, వాటి కింద బాతులు. చర్చిలు మూడు, సెర్బులకొకటి, హంగేరియన్లకొకటి, స్లొవాక్‌లకొకటి. మధ్యాహ్నం గంటలు మూడూ ఒకేసారి మోగవు, ఒకదాని తర్వాత ఒకటి. ఏ గంటకి అన్నం తింటారని అడిగితే, మొదటి గంటకి ఆకలి, మూడో గంటకి అన్నం అన్నాడు. ఒకప్పుడు జర్మన్లు కూడా ఉండేవాళ్ళట. పెద్ద యుద్ధం అయ్యాక వాళ్ళని పంపేశారు. ఆ ఇళ్ళలోకి వేరేవాళ్ళు వచ్చి మూడు తరాలైనా ఊరు వాటిని జర్మన్ల ఇళ్ళనే అంటుంది.

సెర్బుల చర్చి క్యాలెండర్ వేరు కాబట్టి క్రిస్మస్‌లు రెండు, ఈస్టర్లు రెండు. ఎవరి పండగ వచ్చినా ఆ ఇంటివాళ్ళు కొట్టంలోకి వెళ్ళరు. వేరే చర్చి పక్కింటివాళ్ళు వచ్చి పశువులకు మేత వేసి, పాలు పితికి, పాలచెంబు గుమ్మంలో పెట్టి, పండగ శుభాకాంక్షలు ఆ ఇంటి భాషలో చెప్పి వెళతారు. రెండు వారాల తర్వాత వీళ్ళ పండక్కి వాళ్ళు అదే చేస్తారు. మా ఊరు చిత్తూరు జిల్లా కొసన, మూడు రాష్ట్రాలు కలిసే చోట. సంతలో తెలుగు, తమిళం, కన్నడం కలిపే బేరం చేసేవాళ్ళం. ఆ మాట చెబితే ఆయన నా వీపు చరిచి, అయితే నువ్వూ మా ఊరివాడివే అన్నాడు.

ఆ నడకలో ఒకచోట మాత్రం ఆయన ఏమీ చెప్పేవాడు కాదు. వీధి మధ్యలో ఆయన సొంత ఇల్లు గడియారాల షాపు. దాని పక్కన బ్రెడ్డు కాల్చి అమ్మే ఒక చిన్న కొట్టు. అక్కడికి రాగానే అడుగు వేగం పెరిగేది. నేను అడగలేదు.

ఇక స్లావా సంగతి. సెర్బుల్లో ప్రతి ఇంటికీ ఒక సెయింట్ ఉంటాడు. తండ్రి నుంచి కొడుక్కి వస్తాడు. ఏడాదికొకసారి ఆ సెయింట్ రోజున ఇల్లు తెరిచి వచ్చినవాళ్ళందరికీ పెడతారు. దాన్ని స్లావా అంటారు. ఈయనది నవంబర్ 8. మేం ఈ ఇంటికి వచ్చిన మొదటి ఏడాది, శనివారం నా స్లావా అని కంచె దగ్గర ఆయన మాటవరసకు అన్నాడు. రమ్మనలేదు. పిలవని పేరంటానికి ఎవరెళ్తారండీ, అంది మా ఆవిడ. మేం వెళ్ళలేదు. మర్నాడు ఆయన ఫాయిల్ కప్పిన పళ్ళెంతో మా గుమ్మంలో నిలబడి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగాడు. అందరం బాగున్నామని చెబితే ఆయన ముఖం వాడిపోయింది.

"మరెందుకు రాలేదు?"

పిలవలేదు కదా అని నేను నసిగాను.

"పిలిచేది పెళ్ళికి. స్లావాకి పిలవరు, కొమ్షియా. నా ఇంటికి ఎవరు రావాలో వాళ్ళకే తెలుసు. నేను తలుపుకి తాళం వెయ్యను. అంతే."

ఇంట్లో చావు జరిగి చెయ్యలేకపోతే మాత్రం, ఈ ఏడు లేదు అని కబురు పంపుతారట. ఆయన భార్య పోయిన ఏడు అలా పంపాడు. అది తప్ప ఏటా వెళ్ళాం. గుమ్మంలోనే ఉడికించిన గోధుమలు, అందులో పంచదార, దంచిన అక్రోటు, ఒక చెంచాడు తినిపించి లోపలికి తీసుకెళతారు. మా ఆవిడ మొదటిసారి తిన్నప్పుడు ఇది ప్రసాదమే కదండీ అంది. మాకోసం మాంసం తగలకుండా చిక్కుడు గింజల కూర వేరే కుండలో, అవెన్‌లో పెట్టి వండేవాడు. వాళ్ళకు అది ఉపవాసం వంట. వీళ్ళకి ఏడాది పొడుగునా ఉపవాసమే పాపం అని వచ్చినవాళ్ళందరికీ మమ్మల్ని చూపించి చెప్పేవాడు. ఇంటాయన ఆ రోజు కూర్చోకూడదు. ఆఖరి అతిథి వెళ్ళేదాకా నిలబడి వడ్డించాలి. మోకాళ్ళు రెండూ ఆపరేషన్ అయ్యాక కూడా ఆయన కూర్చోలేదు.

మూడో చలికాలమో నాలుగోదో, మాల్‌లో బ్రెడ్డు కొట్టు దగ్గర ఆయన తనంతట తానే ఆగాడు.

ఆ ఇల్లు ఒక హంగేరియన్‌ది. ఒకే ఈడు, ఒకే బడి. రెండు పెరళ్ళ మధ్య మట్టిగోడలో ఒక చిన్న తలుపు, దానికి గడియ లేదు. చిన్నప్పుడు ఎటువైపు ఆకలేస్తే అటువైపు తినేవాళ్ళు. దేశం ముక్కలవుతున్న ఏడు యుద్ధానికి రమ్మని కాగితాలు వచ్చాయి. సెర్బులకీ వచ్చాయి, హంగేరియన్లకీ వచ్చాయి. ఆ కాగితాలు చేతికి అందకుండా మగవాళ్ళు మొక్కజొన్న చేలల్లో పడుకునేవాళ్ళట. ఆ స్నేహితుడు భార్యాపిల్లలతో సరిహద్దు దాటి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఆ చిన్న తలుపులోంచి వచ్చి తాళంచెవి ఈయన చేతిలో పెట్టాడు. ఈయన రెండు ఇళ్ళ ఆవుల్నీ చూసుకున్నాడు.

చలి మొదలయ్యాక, యుద్ధం జరుగుతున్న వైపు నుంచి ఇల్లూ వాకిలీ పోయిన సెర్బులు ట్రాక్టర్ల మీద వచ్చారు. ఊళ్ళో ఏ ఇళ్ళు ఖాళీగా ఉన్నాయని ఆఫీసువాళ్ళు అడుగుతూ వచ్చారు. వాన. ట్రాలీలో ఇద్దరు పిల్లలు, ఒక ముసలిది.

"నేను తెరవకపోతే గొడ్డలితో తెరిచేవాళ్ళు," అన్నాడు. "అయినా తెరిచింది నా చెయ్యే."

ఆ ముసలామెను స్నేహితుడి తల్లి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తల్లి పోయి అప్పటికి ఏడాది కాలేదు. సంగతి సరిహద్దు దాటి చేరింది. అక్కడి నుంచి మనిషి ద్వారా ఒకే ఒక్క మాట వచ్చింది. నీకిచ్చింది తాళంచెవి, ఇల్లు కాదు.

తర్వాత ఇద్దరూ ఎవరి దారిన వాళ్ళు ఈ రాష్ట్రానికే వచ్చి పడ్డారు. ఆయన డెట్రాయిట్‌కి దిగువన అలెన్ పార్క్‌లో, ఈయన ఇక్కడ. కారులో ముప్పావుగంట. ముప్పై ఏళ్ళు దాటింది, మాట లేదు. ఈయన రెండు క్రిస్మస్‌లకు వాళ్ళ తలుపు తట్టాడట. తియ్యలేదు. తియ్యకపోవడం ఆయన హక్కు అన్నాడు నాతో. నా తలుపు తీసి ఉంచడం నా పని, అంతే. ఈయన భార్య అంత్యక్రియలకు ఆ స్నేహితుడు వచ్చి చర్చిలో వెనక వరసలో నిలబడి, ప్రార్థన అవగానే వెళ్ళిపోయాడు. ఆమె స్లొవాక్. ఆమె అక్కగారు మాత్రం ఇద్దరితోనూ మాట్లాడుతుంది, ఇటు కబురు అటు, అటు కబురు ఇటు చేరవేస్తుంది.

ఈ ఏడు వేసవి మొదట్లో పెద్దాయన గరాజ్‌లో పడ్డాడు. ఇక ఒంటరిగా వద్దని కూతురు ఫీనిక్స్ తీసుకెళ్ళడానికి నిశ్చయించింది. ఇల్లు అమ్మారు. కొన్నది మనవాళ్ళే, ఆష్‌బర్న్ నుంచి ఉద్యోగం మారి వస్తున్న ఒక జంట. కూతురు ఏ ఏర్పాటు చేసినా ఆయన సరే అన్నాడు. స్లావా అయ్యాకే కదులుతానన్నది ఒక్కటే షరతు. అందుకే ప్రయాణం ఆదివారం పెట్టుకున్నారు.

ఫీనిక్స్‌లో కూడా చేసుకోవచ్చు కదా అని నేను తెలివితక్కువగా అడిగాను. ఆయన ఆకులు ఊడ్చే రేక్ ఆపి, "అది నా అల్లుడి ఇల్లు. అక్కడ నేను అతిథిని. అతిథికి స్లావా ఏంటి?" అన్నాడు.

కొడుకులు లేరు. ఆయనతో ఆ ఇంటి స్లావా అయిపోతుంది. ఆ స్నేహితుడు పిలవకుండా రాగలిగిన ఆఖరి తలుపు అది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, అక్కగారు చెప్పేసింది. ఈసారి వస్తాడు అన్నాడు ఆయన, ఆకుల్ని మళ్ళీ పోగుచేస్తూ. అలా ఆయన ఎప్పుడూ అనలేదు.

ఇంటికొచ్చి ఆ మాట మా ఆవిడతో చెప్పాను.

బుధవారం మధ్యాహ్నం ఆమె కారు తీసుకుని వెళ్ళి, చీకటి పడే వేళకు వచ్చింది. కోటు విప్పకుండానే వంటింట్లో కూర్చుంది.

"ఏమండీ, నేనొకటి చేసొచ్చాను. కోప్పడకండి."

"ఏం చేశావు?"

"అలెన్ పార్క్‌కి డ్రైవ్ చేశాను. ఆయన్ని పిలిచొచ్చాను."

అడ్రసు పెద్దాయన కూతురిని అడిగి టెక్స్ట్ తెప్పించుకుందట. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. మంచి ఐడియా అని నాలుగు ఎమోజీలు కూడా పెట్టింది. మా ఆవిడ ఒక డబ్బా సున్నుండలు, సంచీలో ఆపిల్ పళ్ళు తీసుకుని, పట్టుచీర మీద కోటు వేసుకుని, పెళ్ళిపిలుపుకి వెళ్ళినట్టే వెళ్ళింది. ఆయన ఇంటి చెప్పులతో తలుపు తీశాడట. పొడుగాటి మనిషి, చెవులకి మిషన్లు. లోపలికి రమ్మని కాఫీ ఇచ్చాడు.

"శనివారం తప్పకుండా రావాలి, ఆయన ఆదివారం వెళ్ళిపోతున్నారు, ఆ ఇంటి తరఫున నేను పిలుస్తున్నాను అని చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఆయనే పంపారా అని అడిగాడు. ఆయన పిలిచినట్టే అనుకోండి అన్నాను. డబ్బా రెండు చేతులతో పట్టుకుని థాంక్యూ అన్నాడండీ, చాలా మర్యాదగా. ఎన్నింటికి రావాలని కూడా అడిగాడు."

స్లావాకి పిలవరని ఆమెకు తెలియక కాదు. కానీ మా వైపు పగలు తీరేది పిలుపుతోనే. వాళ్ళ నాన్న, పెదనాన్న గట్టు తగాదాలో తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు. ఈమె పెళ్ళికి మా మామగారు పళ్ళెంలో పసుపు, కుంకుమ, టెంకాయ పెట్టుకుని అన్నగారి గడప ఎక్కి పిలిచాడు. గడప తొక్కి పిలిచాక రానివాడు మనిషి కాదంటారు మా ఊళ్ళో. పెదనాన్న వచ్చాడు, పందిట్లో అందరికంటే ముందు కూర్చున్నాడు. ఆమె కళ్ళారా చూసిన సంగతి అది. మామూలు వాళ్ళకి పిలుపు అక్కర్లేదేమో, అలిగినవాళ్ళని పిలవకపోతే ఎలా అంది. ఆ రాత్రి డైరీలో, మంచి పని చేసింది, అని రాశాను.

పెద్దాయనకు ముందే చెప్పవద్దని అనుకున్నాం. తలుపు తెరుచుకుని స్నేహితుడు నిలబడితే ఆయన ముఖం చూడాలని ఆమెకు ఆశ.

శనివారం మేం వెళ్ళేసరికి ఇల్లంతా అట్టపెట్టెలు. గోడల మీద పటాలన్నీ తీసేశారు, సెయింట్ పటం ఒక్కటే ఉంది. ఫాదర్ వచ్చి, రొట్టె మీద శిలువలా కోసి, వైన్ పోసి, ఇంటాయనతో కలిసి దాన్ని తిప్పి విరిచి, ప్రార్థన చదివి, ఇంకో రెండు ఇళ్ళు ఉన్నాయని వెళ్ళాడు. ఒకప్పుడు ఆ హాల్లో కూర్చోవడానికి చోటు ఉండేది కాదు. ఫ్యాక్టరీ స్నేహితులు కొందరు పోయారు, కొందరు ఫ్లోరిడా వెళ్ళారు. బల్ల మీద మాత్రం పాతరోజుల్లో లాగే అందరికీ సరిపడా పెట్టాడు. క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం పెద్ద గిన్నెడు, మా చిక్కుడు కుండ, వరసగా కడిగిపెట్టిన గ్లాసులు.

ఆయన సూటు వేసుకుని బల్లకూ కిటికీకీ మధ్య తిరుగుతున్నాడు. అక్కగారు చూసి చూసి, "కూర్చో, ముసలి గుర్రమా. దేవుడు చూడటం లేదులే," అంది.

"దేవుడు చూడకపోతేనేం, నువ్వు చూస్తున్నావు. రేపు ఊరంతా చెప్తావు."

"ఊళ్ళో ఎవరున్నారని చెప్పడానికి?"

దానికి ఆయన నవ్వాడు. కూతురు కూడా నవ్వింది. మోకాలు పట్టుకుని మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

చీకటి పడింది. మంచు సన్నగా మొదలైంది. మా వీధిలోకి కారు తిరిగినప్పుడల్లా హాలు గోడ మీద వెలుగు పాకేది. మా ఆవిడ చెంచా కింద పెట్టేది. ఒకటి పిజ్జా తెచ్చిన కుర్రాడిది, ఒకటి ఎదురింటివాళ్ళది. టైమ్ కరెక్టుగానే చెప్పాను కదండీ, అని నా చెవిలో అంది. చెప్పావు అన్నాను. పెద్దాయన కిటికీ పక్కన అద్దానికి ఎదురుగా కాకుండా కొంచెం ఓరగా నిలబడి, వీధి మలుపు వైపే చూస్తున్నాడు. అలా ఓరగా ఎందుకు నిలబడ్డాడో అనుకున్నాను కానీ అడగలేదు. అక్కగారికి ఓపిక అయిపోయి నన్ను దింపమంది. నేను దింపి వచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. సెలవు తీసుకుంటే చెయ్యి గట్టిగా నొక్కాడు. మేం వచ్చేటప్పుడు తలుపు దగ్గరగా వేశాడు కానీ తాళం తిప్పిన చప్పుడు వినబడలేదు.

మర్నాడు ఉదయం మేం కాఫీ తాగుతుంటే ఆయనే వచ్చాడు. ప్రయాణానికి తయారై, కోటు, టోపీ. చేతిలో మిగిలిన చిక్కుడు కుండ. స్లావా అయిపోయింది కనుక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుండ మీకే, ఫీనిక్స్‌కి మట్టికుండ తీసుకెళ్ళనివ్వదు అమ్మాయి అన్నాడు.

మా ఆవిడ ఇక ఆగలేకపోయింది. "ఆయనకి ఒంట్లో బాగాలేదేమోనండి. లేకపోతే వచ్చేవారే. నేను స్వయంగా వెళ్ళి పిలిచాను. వస్తారనే అనుకున్నాను."

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు.

"ఎవరిని పిలిచారు?"

ఆమె చెప్పింది, మొదటి నుంచి చివరిదాకా, సున్నుండలతో సహా. ఆయన అంతా విన్నాడు. అయ్యాక అడిగాడు.

"నేను పంపానని అనుకున్నాడా?"

"అలాగే అనుకోమన్నాను."

"ఏమన్నాడు?"

"థాంక్యూ అన్నారు. టైమ్ అడిగారు."

"టైమ్ అడిగాడు," అన్నాడు ఆయన. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మా ఇద్దర్నీ కాకుండా బల్లని చూస్తూ, ఎంతో నెమ్మదిగా చెప్పాడు.

"ఏటా వచ్చేవాడు."

ఎవరని అడిగాను.

"వాడే. చీకటి పడ్డాక. పికప్‌లో. మన వీధి మలుపులో మెయిల్‌బాక్సులు ఉన్నాయి చూడు, అక్కడ లైట్లు ఆర్పి కూర్చునేవాడు. మొదట్లో కాసేపే ఉండేవాడు. తర్వాత్తర్వాత ఇంజిన్ కూడా ఆపేవాడు. పోయిన ఏడు బండి తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాడు. నేను కిటికీ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాను, నేను చూస్తున్నానని తెలిస్తే వెళ్ళిపోతాడని. మళ్ళీ కాలు లోపలికి తీసుకుని వెళ్ళిపోయాడు." కాఫీ కప్పు పక్కకి జరిపాడు. "ఈసారి రెండో కాలు కూడా పెడతాడనుకున్నాను. నిన్న అసలు రాలేదు."

మా ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"మీ తప్పు కాదు," అన్నాడు. "మా ఊళ్ళో ఎవరూ ఎవరినీ పిలవలేదు. పిలిస్తే ఏమవుతుందో నాకే తెలియదు, మీకేం చెప్తాను? పిలవనంతకాలం వాడు నా పక్కింటివాడు. అలిగిన పక్కింటివాడు, అంతే. పిలిచాక అతిథి అయ్యాడు. అతిథి థాంక్యూ చెప్పి ఇంట్లో కూర్చోవచ్చు."

ఆమె లేచి ఫోన్ తీసుకుంది. ఇప్పుడే చెప్తాను, అంతా నేనే చేశానని చెప్తాను అంది.  కూతురు పంపిన టెక్స్ట్‌లో నంబరు ఉంది. ఆమె స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచింది. చాలాసేపు మోగింది. తర్వాత ఒక ముసలి గొంతు ఇంగ్లీషులో, ఇంట్లో లేను, పేరు, నంబరు చెప్పండి అంది.

పెద్దాయన బల్ల మీదికి వంగాడు. రికార్డింగ్ ఐదారు మాటలే. అయిపోయి బీప్ వచ్చినా అలాగే వంగి ఉన్నాడు. మా ఆవిడ కళ్ళతోనే మాట్లాడమని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమే గబగబా చెప్పింది, పిలిచింది నేను, ఆయనకి తెలియదు, మా పద్ధతి అది, ఇంకో గంటలో ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళిపోతున్నారు. ఏడుపులో సగం మాటలు తెలుగులోకి వచ్చేశాయి. ఇంకో బీప్ వచ్చి ఫోన్ తనే ఆగిపోయింది.

"వాళ్ళ నాన్న గొంతు వచ్చింది వాడికి," అన్నాడు పెద్దాయన.

 ఫోన్ తిరిగి రాలేదు. ఎయిర్‌పోర్ట్‌కి అలెన్ పార్క్ దగ్గరే కదా, ఒక్క నిమిషం ఆగి వెళ్ళకూడదా అని నేను అన్నాను. ఆయన టోపీ పెట్టుకుంటూ, "ఏమని వెళ్ళను? ఇవాళ వాడి పండగ కాదు," అన్నాడు. బయట కూతురు హారన్ కొట్టింది.

ఆయన లేచి, మా ఆవిడ తల మీద ఒకసారి చెయ్యి పెట్టి తీశాడు.  మెట్ల మీద మంచు ఉందని నేను మోచెయ్యి పట్టుకుని కారుదాకా నడిపించాను. కూతురు సామాను సర్దుతూ, నిన్న అంకుల్ ఎందుకు రాలేదు ఆంటీ అని అడిగింది. మా ఆవిడ ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది.

కారు వెనక్కి వచ్చి వీధిలోకి తిరిగింది. మలుపులో మెయిల్‌బాక్సుల దగ్గర ఎవరూ లేరు, నిన్నటి మంచు మీద చక్రాల జాడ లేదు. మా ఆవిడ ఉత్తకాళ్ళతో నిలబడి చెయ్యి ఊపింది. ఆయన అటూ చూడలేదు, మా వైపూ చూడలేదు. తల వంచుకుని సీటు బెల్టు కొక్కెం ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు.